జయ బియ్యం వెతుక్కుంటూ ఆత్రేయపురానికి

మా చిన్నత్తగారు రాజమండ్రిలో ఉంటారు. ఏటా సంక్రాంతికి ముందు ఆవిడ దగ్గర నుంచి మా ఇంటికి ఒక అట్టపెట్టె వస్తుంది. అందులో పాత నేతచీర ముక్కల మధ్య, ఊదితే ఎగిరిపోయేటంత పలచటి పూతరేకులు వంద దాకా ఉంటాయి. వాటికి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడవడం భోగి ముందు రోజు మా ఇంటిల్లిపాది పని. ఈసారి పెట్టెకు బదులు ఫోను వచ్చింది. "ఈ ఏడు రేకు బాగోలేదు అల్లుడుగారూ, జయ బియ్యం సరిగ్గా దొరకడం లేదుట. వేరే బియ్యంతో తీసినవి పంపడానికి నాకు మనసొప్పలేదు" అన్నారావిడ, ఏదో అపరాధం చేసినట్టు.

మేముండేది హైదరాబాదులో రాజేంద్రనగర్ దగ్గర. నేను రోజూ వెళ్ళే దారిలోనే భారతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. 1965లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకానికి అదే పుట్టిల్లు. ఎస్.వి.ఎస్. శాస్త్రి గారు సమన్వయకర్తగా ఉన్న కాలంలో, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1ను ఒడిశాకు చెందిన టి-141తో సంకరపరచి రూపొందించిన జయ వంగడాన్ని ఆ పథకం 1968లో విడుదల చేసింది. మన దేశంలోనే సంకరపరచి విడుదల చేసిన తొలి అధిక దిగుబడి పొట్టి వరి రకాలలో అది ఒకటి. అంటే మా చిన్నత్తగారి కంటే జయ చిన్నది. పూతరేకు మాత్రం తాతముత్తాతల నాటిదని గోదావరి జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. మరి జయ లేని రోజుల్లో రేకు దేనితో తీశారు? ఆ సందేహం పట్టుకుని, జనవరి మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మొదటి రోజు, బుధవారం

కొవ్వూరు దాటగానే పెట్టెలో సగం మంది లేచి కిటికీల దగ్గరికి చేరారు. రైలు వెళ్ళేది 1997లో పూర్తయిన విల్లు కమానుల వంతెన మీదుగా. ఒక పక్కన 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన స్తంభాలు మసక వెలుతురులో వరసగా కనిపించాయి. ఎదుటి బెర్తు పెద్దావిడ రూపాయి నాణెం ఒకటి నీళ్ళలోకి విసిరి, నా చేతిలోనూ ఒకటి పెట్టింది. నేనూ విసిరాను. అది కమానుకు తగిలి ఖంగుమంది.

చిన్నత్తగారింట్లో స్నానం, పెసరట్టు అయ్యాక ధవళేశ్వరం వెళ్ళాను. వంటకం కోసం వచ్చినవాడికి ఆనకట్టతో ఏం పనని ఆవిడ నవ్వారు. పని ఉందనే నా అభిప్రాయం. నందన నామ సంవత్సరపు కరువు, అంటే 1832-33 నాటి కరువు, గోదావరి ఒడ్డు ప్రాంతాలను కూడా కుంగదీసింది. ఆ తరువాత ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను వరి భూమిగా మార్చింది. అంతకుముందు ఇక్కడ వరి లేదని కాదు. ఏటి వరదను, వానను నమ్ముకున్న వరి వేరు, కాలువ కింద ఏడాదికి రెండు పంటలు పండే వరి వేరు. కేవలం సరదా కోసం బియ్యాన్ని పాలలాగా రుబ్బి, గుడ్డతో కుండ మీద పూసి, పొరగా తీసి పంచిపెట్టాలంటే ఇంట్లో గాదె నిండి ఉండాలి. పూతరేకు కాటన్ కంటే పాతదే కావచ్చు. అది పెళ్ళి సారెల్లో బుట్టలకొద్దీ పెట్టే పదార్థం కావడానికి మాత్రం ఈ నీరే కారణమని నేను నమ్ముతున్నాను.

కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, అప్పటి పనిముట్లు చూసి బ్యారేజీ మీదికి వచ్చాను. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1982లో పూర్తయింది. లంకల మధ్య నాలుగు పాయల మీద, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మొత్తం 175 గేట్లతో సుమారు 3.6 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. జనవరి కనుక నది శాంతంగా ఉంది. దాళ్వా, అంటే రెండో కారు, పంటకు నీరు మధ్య డెల్టా కాలువలోకి వెళుతోంది. ఆ కాలువ వెంటే రేపు నేను వెళ్ళవలసిన ఊరు.

రెండవ రోజు, గురువారం

రాజమండ్రి నుంచి బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురానికి కారులో గంట కూడా పట్టదు. ఇప్పుడిది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది, 2022కు ముందు తూర్పు గోదావరి. కుడివైపు కాలువ, ఎడమవైపు అరటి, కొబ్బరి, వాటి సందుల్లో నాట్లు వేస్తున్న పొలాలు. గోదావరి సప్తపాయల పేర్లలో ఆత్రేయి ఒకటి. ఊరి పేరులోనూ ఆ ఆత్రేయ ఋషే ఉన్నాడు. అయితే ఊరి మొదట్లోనే కనిపించే బోర్డుల మీద ఋషి ఊసు లేదు. నేతి పూతరేకులు, బెల్లం పూతరేకులు, డ్రైఫ్రూట్ పూతరేకులు అంటూ రోడ్డుకు రెండు వైపులా దుకాణాలే.

కారు నడిపే కుర్రాడిది పక్క ఊరే. "దుకాణాల్లో చూస్తే ఏముంటదండీ, మడతలే ఉంటాయి. రేకు తీసేది ఇళ్ళల్లో అండి ఆయ్" అని ఒక సందులోకి తిప్పాడు. పెంకుటింటి వసారాలో నలభై ఏళ్ళ ఇల్లాలు ఒకామె పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. పేరు రాయవద్దని ఆవిడే అన్నది కనుక రాయడం లేదు. రాస్తే ఎవరో వచ్చి రేటు అడుగుతారట.

పూతరేకు తీయడం గురించి చదివినవాళ్ళకు కూడా చూసినప్పుడు ఆశ్చర్యం తప్పదు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. దాని అడుగు భాగం, అంటే ఇప్పుడు పైకి ఉన్న భాగం, వెడల్పుగా, ఎక్కడా గరుకు లేకుండా, వాడగా వాడగా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. కింద పక్కగా వదిలిన సందులోంచి ఎండు కొబ్బరాకు ఒకటొకటిగా మంటలోకి తోస్తారు. కట్టెలు పెడితే వేడి ఒకచోట నిలిచిపోతుందట. ఆకు మంట భగ్గున లేచి, కుండ అంతటా సమంగా పాకి, వెంటనే తగ్గుతుంది. పక్కన గిన్నెలో నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండి ఉంది. పిండి అనడం కంటే నీళ్ళు కలిపిన పాలు అనడం నయం. ఆవిడ ఒక పలచటి తెల్ల గుడ్డను అందులో ముంచి, రెండు కొసలు రెండు చేతులతో పట్టుకుని, కుండ మీద ఒక కొస నుంచి మరో కొసకు ఒక్కసారి లాగింది. సుయ్యిమన్న చప్పుడు. గుడ్డ అవతలికి చేరేలోగానే కుండ మీద తెల్లటి పొర, మరుక్షణంలో దాని అంచు తనంతట తానే లేచింది. ఆవిడ వేళ్ళ కొసలతో దాన్ని పట్టి తీసి పక్కన పెట్టింది. అవతలి తలుపు దాని గుండా కనిపించింది. అంతలో గుడ్డ మళ్ళీ పిండిలో మునిగింది.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దాకా వచ్చి మానేశాను. మాట్లాడుతున్నా ఆవిడ చేతులు ఆగలేదు. మంట తగ్గితే పొర అంటుకుపోతుంది, పెరిగితే ముక్కలవుతుంది. పిండి చిక్కబడితే రేకు మందమై నోట్లో పిండి రుచి తగులుతుంది, మరీ పలచబడితే చిల్లులు పడుతుంది. ఇవేవీ కొలిచే సాధనాలు ఆ వసారాలో లేవు. గుడ్డ లాగినప్పుడు వచ్చే చప్పుడును బట్టే వేడి తెలుస్తుందని ఆవిడ చెప్పింది. ఆ తరువాత నేను కూడా చప్పుడు వినడానికి ప్రయత్నించాను. నాకు అన్నీ ఒకటిగానే వినిపించాయి.

ఈ పనిలో దాగి ఉన్న సూత్రం చెప్పుకుంటే చిన్నదే. బియ్యంలోని గంజి పదార్థం నీటితో కలిసి వేడి తగలగానే ఉబ్బి, ఒకదానితో ఒకటి అల్లుకుని జిగురవుతుంది. ఆ జిగురు అతి పలచగా ఉండడం చేత నీరంతా అప్పటికప్పుడే ఆవిరై పోయి ఎండు పొర మిగులుతుంది. అందుకే పూతరేకులో నూనె లేదు, వేపుడు లేదు, పాకం లేదు, పులియబెట్టడం లేదు. మన మిఠాయిలలో ఇంత తక్కువ సరుకుతో ఇంత ఎక్కువ పనితనం అడిగేది మరొకటి నాకు తోచదు.

పేరు కూడా ఆ పనితనానిదే. బందరు లడ్డు, కాకినాడ కాజా అన్నప్పుడు ఊరి పేరు ముందుంటుంది. పాలకోవా అన్నప్పుడు సరుకు పేరు ఉంటుంది. పూతరేకులో ఊరూ లేదు, సరుకూ లేదు. గోడకు సున్నం పూసినట్టు, నగకు బంగారం పూసినట్టు కుండకు పూసిన పూత, దాని నుంచి లేచిన రేకు. తామరపువ్వుదీ రేకే, ఇంటి కప్పు మీదదీ రేకే, తాళ్ళపాకవారి సంకీర్తనలు చెక్కించినవీ రాగి రేకులే. పలచగా, విడిగా, పరచడానికి వీలుగా ఉండేదల్లా మనకు రేకు. ఈ పేరు పెట్టినవాళ్ళు తిన్నవాళ్ళు కాదు, తీసినవాళ్ళని నా ఊహ.

ఇక జయ సంగతి. ఆవిడ వాడుతున్నది జయేనట. కానీ కిందటేడు కొన్నంత సులభంగా దొరకలేదని, మిల్లులో జయ అని ఇచ్చిన సంచి ఒకటి విప్పితే వేరే బియ్యమని రేకు లేచిన తీరులోనే తెలిసిపోయిందని చెప్పింది. మా డ్రైవరు కుర్రాడు అందుకున్నాడు. అతని తండ్రి కౌలు రైతు. ఈ ప్రాంతంలో అన్నానికి స్వర్ణ వంటి రకాలు కావాలి, అవి పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చినవి. లావు గింజ జయను ఇక్కడివాళ్ళు అన్నానికి పెద్దగా ఇష్టపడరు. దాన్ని ప్రీతిగా తినేది మలయాళీలు. కేరళ బజారులో 'ఆంధ్ర జయ' అన్న పేరుతోనే అది అమ్ముడవుతుంది. అక్కడి కొనుగోలు మీద ఆధారపడిన పంట కనుక, అంతకంటే ముందు కోతకు వచ్చి ఎక్కువ దిగుబడి ఇచ్చే లావు రకాలు రాగానే రైతు వాటివైపు మళ్ళాడు. "పూతరేకుల కోసం ఎవడు ఏత్తాడండీ, ఊరంతా కలిపి వాడేది ఒక లారీకి చాలదు" అన్నాడు ఆ కుర్రాడు. లెక్క అతిశయోక్తే కావచ్చు, తర్కం మాత్రం సరైనదే. ఒక మిఠాయి బతుకు, దాన్ని ఎన్నడూ తినని మలయాళీ భోజనపు పళ్ళెం మీద ఆధారపడి ఉన్నదన్న మాట.

మధ్యాహ్నం నేను అడగవలసిన ప్రశ్నకు సమాధానం పక్క గదిలోంచి వచ్చింది. ఇల్లాలి అత్తగారు, ఎనభై దాటినావిడ, మంచం మీద కూర్చుని అంతా వింటున్నారు. జయ రాకముందు ఏ బియ్యంతో తీసేవారని అడిగాను. ఆవిడ నన్ను చాలాసేపు చూశారు.

"ఇంట్లో ఏవుంటే వాటితోనే బాబూ. ముతక బియ్యం అయితే చాలు. సన్నబియ్యం మొగోళ్ళకి అన్నానికి, ముతకయి మాకు పిండికి. జయ వచ్చాక రేకు తొందరగా లేత్తందని అందరం దానికి మరిగాం. అప్పుడు మా అత్తగారు జయ వద్దని పోట్లాడింది, కొత్త బియ్యం, రుచి ఉండదని."

కోడలు పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. ఈ రోజు సంప్రదాయానికి ప్రాణమని మేమంతా వాపోతున్న బియ్యాన్ని, ఆ రోజు సంప్రదాయం పేరు చెప్పి ఒక అత్తగారు ఇంట్లోకి రానివ్వనన్నది. నేను నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని దాని కింద రెండు గీతలు గీశాను. ఇంత దూరం వచ్చిన పని అయిపోయినట్టే అనిపించింది, కానీ ఇంకా రెండు రోజులు చేతిలో ఉన్నాయి.

మూడవ రోజు, శుక్రవారం

పొద్దున్న మడత చూడడానికి అదే వీధిలో మరో ఇంటికి వెళ్ళాను. రేకు తీసేవారు, మడిచేవారు, అమ్మేవారు చాలావరకు వేరు వేరు. తీసినవాళ్ళు వందల లెక్కన రేకులు దుకాణానికి ఇస్తే, అక్కడో మరో ఇంట్లోనో మడతలు పడతాయి. ఎండు రేకును ఉన్నది ఉన్నట్టు మడిస్తే పెళపెళమని విరిగిపోతుంది. అందుకని తడిపి పిండిన గుడ్డను దానికి ఆనించీ ఆనించనట్టు ఆనిస్తారు. ఆ చెమ్మకు రేకు పట్టుచీర కొంగులా వాలిపోతుంది. చెమ్మ రవంత ఎక్కువైతే కరిగి ముద్దవుతుంది.

ఇక్కడే పూతరేకు తినుబండారంగా ఎందుకు ఇలా ఉన్నదో నాకు అర్థమయింది. గంజి పొరకు నీరు శత్రువు, కొవ్వు మిత్రం. అందుకే తీపి పొడిగానే ఉండాలి. పాకం పోస్తే రేకే మిగలదు. పాలు, కోవా దరికి రానివ్వకూడదు. కరిగిన నెయ్యి మాత్రం ఎంత రాసినా పొర కరగదు, పైగా గాలిలోని తేమ తగలకుండా కాపాడుతుంది. మెత్తగా దంచి జల్లించిన పంచదార, దానిలో యాలకుల పొడి. పాతకాలపు పూతరేకు ఇంతే. బెల్లంవి ఇప్పుడు ఎక్కువ అమ్ముడవుతున్నాయి, నాకూ వాటి రుచే ఇష్టం, కానీ బెల్లం గాలిలోని చెమ్మను లాగుతుంది కనుక అవి పంచదారవాటి కంటే ముందు మెత్తబడతాయి. జీడిపప్పు, బాదం, పిస్తా పలుకులు వచ్చి చేరినవి. ఒక దుకాణంలో చాక్లెట్ పొడి వేసినవి కూడా ఇచ్చారు. తిన్నాను. దాని గురించి ఇంకేమీ చెప్పను.

మడతలో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. విరిగిన రేకులను పారేయరు. మంచి రేకు ఒకటి కింద పరిచి, నెయ్యి రాసి, తీపి చల్లి, దాని మీద విరిగిన ముక్కలు పేర్చి, మళ్ళీ నెయ్యి, మళ్ళీ తీపి, ఆ పైన రెండు పక్కల నుంచీ లోపలికి మడిచి చాపలా చుడతారు. నోట్లో పెట్టుకున్నప్పుడు పొరలు పొరలుగా కరిగేది ఎక్కువగా ఆ విరిగిన రేకుల వల్లనే.

కుండ గురించి కూడా అడిగాను. మామూలు నీళ్ళకుండ దీనికి పనికిరాదు. ఎక్కడా మిట్టపల్లాలు లేని అడుగు కావాలి, నిత్యం మంటకు తట్టుకోవాలి. కొత్త కుండ మీద మొదటి రోజుల్లో తీసిన రేకులు చాలావరకు చిరుగుతాయి. కుండ 'దారికి రావాలి' అంటారు. దారికి వచ్చిన కుండ పగిలితే ఆ ఇంట్లో రెండు రోజులు అన్నం సహించదని ఒకావిడ చెప్పింది. ఇనుప పెనాల మీద, గ్యాసు మంట మీద తీయడానికి కొందరు ప్రయత్నించినా ఈ వీధిలో మళ్ళీ కుండకే వచ్చారు. పొగ మాత్రం కళ్ళను తినేస్తుంది. ఎండాకాలంలో ఆ మంట ముందు గంటల తరబడి కూర్చోవడం ఎలా ఉంటుందో జనవరిలో వెళ్ళిన నాబోటివాడు రాయకూడదు. వానాకాలంలో రేకు ఎండదు, ఆకు మండదు, రాబడి తగ్గుతుంది. సంక్రాంతి, వేసవి పెళ్ళిళ్ళు, ఆషాఢం తరువాతి శ్రావణం సారెలు, వీటి మధ్యనే వాళ్ళ ఏడాది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో వచ్చిన గుర్తింపే ఇది. దరఖాస్తు చేసిన సంఘం పేరు సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారికి సాయపడింది. సంఘానికి కాటన్ పేరు పెట్టుకోవడం చూసి, మొదటి రోజు నేను ధవళేశ్వరం వెళ్ళినందుకు చిన్నత్తగారు నవ్విన నవ్వుకు జవాబు దొరికిందని సంతోషించాను. ఈ నమోదు పదేళ్ళు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో చేయనివాటిని ఆ పేరుతో అమ్మకూడదు. మంచిదే. అయితే రేకు తీసిన ఇల్లాలికి ఈ గుర్తింపు వల్ల ఏమి ఒరిగిందని అడిగితే, "పెట్టె మీద బొమ్మ మారిందండి" అన్నది ఆవిడ, ఏ నిష్ఠూరమూ లేకుండా.

నా సొంత అనుభవం ఒకటి ఇక్కడే చెప్పాలి. వచ్చేటప్పుడు హైవే పక్కన ఒక దుకాణంలో 'స్వచ్ఛమైన నేతి పూతరేకులు' అని రాసిన పెట్టె కొన్నాను. ఈ రోజు దాన్ని మడిచేవాళ్ళకు చూపిస్తే, ఒకావిడ ముక్క విరిచి నాలుక మీద పెట్టుకుని, అంగిలికి అంటుకుపోతోంది కనుక అది డాల్డా అని తేల్చేసింది. నేను నిన్నటి నుంచి అదే బాగుందనుకుని తింటున్నాను. అక్కడున్నవాళ్ళెవరూ నా ముఖం మీద నవ్వలేదు. గోదావరి మర్యాద అంటే అదే.

సాయంత్రం లొల్ల లాకుల దగ్గరికి నడిచాను. మధ్య డెల్టా ప్రధాన కాలువ ఇక్కడ చీలి కోనసీమలోకి పాయలుగా వెళుతుంది. ఒకప్పుడు బియ్యం, కొబ్బరి వేసుకున్న పడవలు ఈ కాలువల మీదనే రాజమండ్రి వైపు సాగేవి. ఇప్పుడు గట్టు మీద పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు కనిపించాయి. ఆ ఫొటోగ్రాఫరు కుర్రాడి బుజాన సంచిలోంచి కూడా పూతరేకుల పెట్టె అంచు కనిపించింది.

నాలుగవ రోజు, శనివారం

శనివారం కావడం చేత వాడపల్లి దారి అంతా వాహనాలే. వాడపల్లి వెంకటేశ్వరస్వామిని వరుసగా ఏడు శనివారాలు దర్శిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకం ఈ మధ్య కాలంలో బాగా వ్యాపించి, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. ఆత్రేయపురం వ్యాపారం ఇప్పుడు వారం పొడుగునా ఒకలా, శనివారం మరోలా ఉంటుంది. ఏడు వారాలు వచ్చేవాడు ఏడు పెట్టెలు కొంటాడని ఒక దుకాణదారు నాతో అన్నాడు. అందరికీ కావలసింది ఆ రోజే కనుక ముందు రోజు రాత్రంతా మడతలు పడతాయి. దర్శనం చేసుకుని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడికి కూడా వెళ్ళాను. ముందు నుంచి విష్ణువు, వెనుక నుంచి మోహిని కనిపించే ఆ ఏకశిలా విగ్రహం గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

తిరుగుదారిలో రావులపాలెం, జొన్నాడ వంతెన, మండపేట మీదుగా తాపేశ్వరం చూశాను. పోలిశెట్టి సత్తిరాజు గారి చేతిలో పేరు తెచ్చుకున్న మడత కాజా పుట్టిన ఊరది. అక్కడా మడతే, ఇక్కడా మడతే. కానీ మైదాను చాపలా ఒత్తి, మడిచి, నూనెలో వేయించి, పాకంలో ముంచిన కాజాకు ఇల్లు అక్కరలేదు, బట్టీ ఉంటే చాలు, పదిమంది పనివాళ్ళతో బాణలి మీద పెద్ద ఎత్తున నడుస్తుంది. పూతరేకు ఇంకా ఒక కుండ, ఒక మనిషిని దాటి పోలేదు. ఎంత గిరాకీ ఉన్నా రేకు ఒకటి తరువాత ఒకటిగానే లేస్తుంది. కాజా వేడివేడిగా రెండు తిని, చేతులు కడుక్కుని బయలుదేరాను.

బయలుదేరే ముందు ఆత్రేయపురంలో మడతలు కాకుండా ఉత్త రేకులు వంద తీసుకున్నాను. మొదట కలిసిన ఇల్లాలు తీసినవే, జయవే. పెద్దావిడ తన పాత చీర ముక్క ఇచ్చి వాటి మధ్య పెట్టమన్నారు. రాజమండ్రిలో చిన్నత్తగారు పెట్టె విప్పి, ఒక రేకు వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఇది రేకు" అని మళ్ళీ జాగ్రత్తగా పెట్టేశారు. జయను ఒకప్పుడు ఎవరో అత్తగారు వద్దన్నారని చెబితే, నమ్మలేదు. "మా అమ్మ ఎప్పుడూ జయతోనే" అన్నారు. ఆవిడ పుట్టింది 1949లో. నేను లెక్క చెప్పబోయి ఊరుకున్నాను.

రాత్రి రైల్లో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా, కాజీపేట దగ్గర ఎవరో సూట్‌కేసు దించుతూ దాన్ని తగిలారు. ఇంటికి చేరి విప్పితే అడుగున ముప్పై దాకా ముక్కలై ఉన్నాయి. మా ఆవిడ అయ్యో అన్నది. నేను తడిపిన గుడ్డ తెమ్మని, నెయ్యి కరగబెట్టమని చెప్పి, మంచి రేకు ఒకటి పళ్ళెంలో పరిచి, విరిగినవాటిని దాని మీద పేర్చడం మొదలుపెట్టాను.